సగం మాట దగ్గర ఆగడం

మార్చి 2, ఆదివారం

ఎవరూ చదవరు కాబట్టి ఉన్నమాటే రాస్తాను. నాకు ఓపిక అయిపోయింది.

అన్నయ్యని ఆస్పత్రి నుంచి తెచ్చి పది పదిహేను రోజులైంది. పక్షవాతం కుడి చెయ్యి, కుడి కాలు పట్టుకుపోయింది, వాటితోపాటు మాట కూడా. ఇన్నేళ్లు ఈ ప్రార్థన మందిరంలో బైబిలు వాక్యం చెప్పిన మనిషి ఇప్పుడు దాహం వేస్తే గ్లాసు వైపు చూస్తాడు. నేను అందిస్తాను. ఆయన చూడకముందే అందిస్తాను, అదీ నా గొప్ప.

ఇవాళ సంఘ పెద్ద వచ్చాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. ఆదివారం మధ్యాహ్నాలు ఆడవాళ్ల కూడికలో పాఠం నన్ను చెప్పమన్నాడు. అన్నయ్య అక్కడ మోషే జనం అరణ్య ప్రయాణం పాఠాలుగా మొదలుపెట్టి, వాళ్లని సముద్రం దాటించి, అక్కడ పడిపోయాడు. ఇంకా అరణ్యమంతా మిగిలే ఉంది. అయ్యగారి చెల్లెలివి, నీకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది చెల్లమ్మా అన్నాడు. నాకొచ్చింది స్కూలు యూనిఫారాలు కుట్టడం. కాలర్లు ఎన్ని రకాలు కావాలంటే అన్ని కుడతాను, ఉపదేశం ఒక్క రకం కూడా రాదు.

సరేనన్నాను. ఎందుకంటే మేముంటున్న ఈ రెండు గదులూ మందిరానివి. వాక్యం చెప్పే అయ్యగారి కోసం కట్టినవి. ఆ సంగతి పెద్దాయన ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ గోడకి పడిన చెమ్మ మాత్రం చూసి వెళ్లాడు.

మార్చి 4, మంగళవారం

మాటలు నేర్పే అమ్మాయి వచ్చింది. ఆస్పత్రివాళ్లే పంపారు, వారానికి రెండుసార్లు వస్తుందట. చిన్నపిల్ల, కానీ మొహమాటం లేదు. అప్పుడే మాటలమ్మాయి అని పేరు పెట్టేశాను.

అన్నయ్య తలలో మాటలు ఎక్కడికీ పోలేదట. బయటికి వచ్చే దారి పాడైందట. ఆ దారి ఆయనే మళ్లీ వేసుకోవాలి, మనం వేసి ఇవ్వలేం అంది. నీళ్ల గ్లాసు కనబడేంత దగ్గర, అందనంత దూరం పెట్టాలి. ఏం కావాలన్నయ్యా అని ఒక్కసారి మెల్లగా అడగాలి. ఆ తర్వాత నేను నోరు మూసుకుని కూర్చోవాలి. నిలబడకూడదట, నిలబడితే తొందరపెట్టినట్టు ఉంటుందట. కాసేపటికీ రాకపోతే ఏమీ అనకుండా ఇచ్చెయ్యాలి. సగం మాట వస్తే మాత్రం మిగతా సగం నేను అందించకూడదు. అదొక్కటీ రెండుసార్లు చెప్పింది.

ఆ పిల్లకేం తెలుసు ఈ ఇంటి సంగతి. మా చిన్నప్పుడు అమ్మ పెట్టిన పద్ధతి ఒకటుండేది. భోజనం దగ్గర ఒకరు వచనం మొదలుపెడితే పక్కవాళ్లు పూర్తి చెయ్యాలి. చెయ్యలేనివాళ్లు తింటున్నదాంట్లోంచి లేచి అందరికీ నీళ్లు తేవాలి. నన్ను అడిగే వంతు ఎప్పుడూ అన్నయ్యదే. నాకు రానివేవో తనకి బాగా తెలుసు, అందుకే వచ్చినవే మొదలుపెట్టేవాడు. నేను ఒక్కసారి కూడా లేవలేదు. వదిన పోయాక నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు మళ్లీ అదే ఆట పట్టుకున్నాం. ఇద్దరమే అయినా సరే. ఈ ఇంట్లో సగం మాట నిలబడదు, వెంటనే రెండో సగం వచ్చి పడుతుంది.

అలాంటిదాన్ని పట్టుకుని కూర్చోమంటుంది.

మార్చి 6, గురువారం

గ్లాసు పెట్టాను. అడిగాను. "నీ" అన్నాడు. "నీళ్లా అన్నయ్యా" అని ఇచ్చేశాను. మాటలమ్మాయి అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మార్చి 8, శనివారం

దేవుడికి స్తోత్రం. వెయ్యి స్తోత్రాలు.

ప్యాంటు అంచు మడుస్తూ అలవాటుగా బైబిల్లోని కాపరి కీర్తన మొదటి ముక్క పైకి అన్నాను. వెనక నుంచి అన్నయ్య గొంతు. రెండో ముక్క, మూడోది, చివరిదాకా. ఒక్క తడబాటు లేదు. తిరిగి చూస్తే మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తూ చెప్తున్నాడు, పాత అన్నయ్యే. కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చేశాను. ఇంకోటి మొదలుపెట్టాను, అదీ పూర్తి చేశాడు. ఏది మొదలుపెడితే అది.

పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పేశాను. అయ్యగారికి మాట వచ్చిందన్నాను.

మార్చి 9, ఆదివారం

ఇవాళ పాఠం మన్నా, అరణ్యంలో దేవుడు జనానికి కురిపించిన ఆహారం. రోజూ పొద్దున్నే నేలమీద పడుతుంది, ఆ రోజుకి సరిపడా ఏరుకోవాలి. రేపటికి దాచితే పురుగు పట్టి కంపు కొట్టింది. పక్కింటి పిన్ని చెయ్యెత్తింది. పిన్నికి ప్రతిదానికీ ఒక ప్రశ్న ఉంటుంది. దాచుకోవడం తప్పెలా అవుతుంది, ముందుచూపు కదా అంది. రేపు కూడా ఇస్తానని ఆయన చెప్పాడుగా పిన్నీ, చెప్పాక కూడా దాచడం నమ్మకపోవడమే అన్నాను. బాగా చెప్పానని అందరూ అన్నారు. నాక్కూడా బాగానే అనిపించింది.

కూడిక అయ్యాక పెద్దాయన అన్నాడు, వచ్చే ఆదివారం ఆరాధనలో అయ్యగారి చేత ఒక కీర్తన చెప్పిద్దాం, సంఘం చూస్తే వేరే అయ్యగారి ఊసు ఎత్తరు అని. వేరే అయ్యగారి ఊసు నడుస్తోందన్నమాట.

మార్చి 11, మంగళవారం

మాటలమ్మాయి కీర్తన విని సంతోషించలేదు. మాట్లాడటం వేరు, ఇది వేరు అమ్మా అంది. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన పాటలు, ప్రార్థనలు వేరే దారిన వస్తాయట. మాట మొత్తం పోయినవాళ్లు కూడా పాట పాడతారట. ఆయన చెప్తున్నదాంట్లో ఆయన ఏదీ అడగడం లేదు, గమనించారా అంది. కొన్నాళ్లు వచనాలు ఆపమంది. ముఖ్యంగా నలుగురి ముందు పెట్టొద్దంది.

సరే అన్నాను.

మార్చి 14, శుక్రవారం

ఆ మాటలమ్మాయికి భక్తి లేదు. అందుకే అలా అంటోంది. పుస్తకాల చదువు.

అన్నయ్య తెల్ల చొక్కా ఇస్త్రీ చేశాను. కాలర్ తిప్పి కుట్టాను.

మార్చి 16, ఆదివారం

రాయాలని లేదు.

కుర్చీలో ముందుకి తీసుకెళ్లాం. మందిరం నిండిపోయింది. నేను పక్కన నిలబడి మొదటి ముక్క అందించాను. అన్నయ్య కీర్తన మొత్తం చెప్పాడు. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. పిన్ని పైకే ఏడ్చింది. అప్పుడు పెద్దాయన వంగి, మంచి మనసుతోనే, ఎలా ఉన్నారు అయ్యగారూ అని అడిగాడు.

అన్నయ్య నోరు తెరిచాడు. కీర్తన మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.

నొప్పేమైనా ఉందా అని అడిగాడు. మళ్లీ కీర్తన. సగంలో ఆయనకే తెలిసిపోయింది. ఆగలేకపోయాడు. నోరు చెప్పుకుపోతోంది, కళ్లు నా వైపు చూస్తున్నాయి, ఆపవే అన్నట్టు. వెనక వరసలో ఎవరో పిల్ల నవ్వింది, వాళ్లమ్మ నోరు మూసింది. నేను కుర్చీ తిప్పుకుని వెనక తలుపులోంచి తీసుకొచ్చేశాను. కీర్తన అయ్యేసరికి మా గదిలో ఉన్నాం.

మధ్యాహ్నం పాఠం, కావాలని పెట్టినట్టు, కొండెక్కినవాళ్లది. దేవుడు ఇస్తానన్న దేశంలోకి వెళ్లమన్నప్పుడు భయపడి వెళ్లలేదు, వద్దన్నప్పుడు మాత్రం పొద్దున్నే లేచి బయలుదేరారు. మోషే రాలేదు, దేవుడి మందసం కదల్లేదు, వీళ్లే వెళ్లారు. దెబ్బలు తిని పరిగెత్తుకొచ్చారు. చదివి కూర్చున్నాను. వివరం చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పిన్ని కూడా.

మార్చి 17, సోమవారం

కాలర్లు.

మార్చి 18, మంగళవారం

మాటలమ్మాయికి ఎవరో చెప్పేశారు. దెప్పుతుందనుకున్నాను. మళ్లీ గ్లాసు దగ్గర నుంచి మొదలుపెడదాం అమ్మా అంది, అంతే. గ్లాసు, ఒక్క అడగడం, కూర్చోవడం.

అరణ్యంలో నడుస్తూ, ఐగుప్తులో ఉల్లిపాయలు తిన్నామని సణిగినవాళ్లని నేనేమీ అనను ఇక. సణగడంలో వాళ్లందరికీ నేను పెద్దక్కని.

మార్చి 20, గురువారం

వచ్చింది. అన్నయ్య నీళ్లు అడిగాడు. పూర్తి మాట, నీళ్లు అని, స్పష్టంగా. మధ్యాహ్నం భోజనాల వేళ. ఎంతసేపటికీ రాకపోతే చేతిలో ఉన్న చెక్క స్కేలుతో బల్ల మీద కొట్టి గట్టిగా అడిగాను. వెంటనే వచ్చింది. ఇన్నాళ్లూ మెత్తగా అడిగి తప్పు చేశామేమో. మాటలమ్మాయికి చెప్పాలి.

పెద్దాయనకి మాత్రం ఫోన్ చెయ్యలేదు. ఈసారి తొందరపడను.

మార్చి 21, శుక్రవారం

ఇవాళ అడగలేదు. గ్లాసు కేసి కూడా చూడలేదు. అలిసిపోయాడేమో.

మార్చి 22, శనివారం

పిన్ని కాసేపు కూర్చుంటానని వచ్చింది. నేను గుండీలు తేవడానికి వెళ్లొచ్చేసరికి గుమ్మంలోనే పట్టుకుంది. అయ్యగారు కిటికీ అన్నారే అమ్మాయ్, తియ్యమన్నారు, తీశాను అని. మొహం వెలిగిపోతోంది. నేను లోపలికి వెళ్లి అన్నయ్యా కిటికీ అన్నావట అన్నాను. పెదాలు బిగించేశాడు. నా చెయ్యి చూస్తున్నాడు. చేతిలో స్కేలు ఉంది, గుండీల పొట్లంతోపాటు ఎప్పుడు తీసుకున్నానో నాకే తెలీదు. బీరువా మీద పెట్టేశాను. అయినా మాట్లాడలేదు.

బల్ల మీద కొట్టిన చప్పుడుకి అదిరిపోయి ఉంటాడు.

మార్చి 23, ఆదివారం

ఇవాళ బండ పాఠం.

జనానికి దాహం. మోషేతో దేవుడు అన్నాడు, కర్ర పట్టుకో, బండతో మాట్లాడు, నీళ్లిస్తుంది అని. అప్పటికి మోషే ఎంత విసిగిపోయాడో చదువుతుంటే తెలుస్తుంది. అక్క చచ్చిపోయింది, పూడ్చిపెట్టి వచ్చాడు, వచ్చీ రాగానే నీళ్లేవని మీద పడ్డారు. మాట్లాడమంటే రెండుసార్లు కొట్టాడు. నీళ్లొచ్చాయి. ధారగా వచ్చాయి, జనం తాగారు, పశువులు తాగాయి. అయినా నువ్వు ఆ దేశంలోకి వెళ్లవు అన్నాడు దేవుడు.

పిన్ని లేచింది. ఇదేం న్యాయం అమ్మాయ్, నీళ్లొచ్చాయిగా, ఎలా వస్తే ఏం అంది. అందరూ నాకేసి చూశారు. పుస్తకం మూసి అన్నాను, "నీళ్లు ఎలాగూ వచ్చేవే పిన్నీ. ఆయన ఇస్తానన్నాడు. కొట్టడం వల్ల రాలేదు. కొట్టడం వల్లే వచ్చాయని మోషే అనుకుని ఉంటాడు."

తలనొప్పి అని చెప్పి అక్కడితో ఆపేశాను.

గురువారం ఒక దెబ్బ బల్ల మీద పడింది. రెండోది అన్నయ్య ఎడమ చేతి మీద. పడింది అని రాస్తున్నాను చూడు ఇప్పుడు కూడా. నేనే కొట్టాను. బాగున్న ఒక్క చెయ్యి అది. "మాట్లాడు, ఎంతకాలం చెయ్యను నీకు" అన్నాను. ఆ చెయ్యి గుండెకి హత్తుకుని నీళ్లు అన్నాడు. గ్లాసిస్తే తాగలేదు. నేను అది కూడా రాయలేదు.

మార్చి 25, మంగళవారం

మాటలమ్మాయి అన్నయ్య చెయ్యి చూసింది. వేళ్ల కణుపుల మీద కమిలి పచ్చబడింది. అడగకముందే చెప్పేశాను, స్కేలుతో సహా. ఆ పిల్ల నా చేతులు పట్టుకుంటుందని ఎందుకనుకున్నానో. పట్టుకోలేదు. చాలాసేపు అన్నయ్య చెయ్యి మాత్రం పట్టుకుని కూర్చుంది. తర్వాత నాతో బయటికొచ్చి చెప్పింది.

"మీరు అలిసిపోయారు అమ్మా, నాకు తెలుసు. కానీ ఆయన మీ దగ్గర భయపడుతున్నారు. భయపడేచోట మాట రాదు. కొన్నాళ్లు గ్లాసు మీరు పెట్టొద్దు."

పిన్నితో మాట్లాడి ఒప్పించింది. రోజూ పొద్దున పిన్ని వచ్చి చేయిస్తుంది. ఆ వేళకి నేను కుట్టుమిషను గదిలో ఉండాలి. వంట, స్నానం, బట్టలు మార్చడం అన్నీ నేనే. మాట దగ్గర మాత్రం నాకు చోటు లేదు. నా అన్నయ్య, నా ఇల్లు, ప్రశ్న పిన్నిది.

ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. అయినా ఈసారి సరే అన్నది చెయ్యడానికే అన్నాను.

స్కేలు విరగ్గొట్టాను. కొలతలకి టేపు చాలు.

మార్చి 27, గురువారం

మిషను ఆపేస్తే రెండు గదుల మధ్య తెర వెనక నుంచి అన్నీ వినిపిస్తాయి. కిటికీ. టీ. చాలు. పిన్ని నవ్వు.

మార్చి 29, శనివారం

"దు" దగ్గర ఆగిపోయాడు. దుప్పటి అని నాకు తెలుసు, కిటికీ తీసి ఉంది, ఆయనకి చలి. తెర ఇవతల నా నోట్లో ఆ మాట పూర్తిగా ఉంది. పిన్నికి తట్టలేదు, ఏమిటయ్యగారూ ఏమిటయ్యగారూ అంటోంది. మిషను చక్రం గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. "దుప్పటి" అన్నాడు చివరికి. ఆయనే అన్నాడు.

నేను ఇలా తెర ఇవతల ఉండాల్సిందే అని మొదటిసారి అనిపించింది. అనిపించడం సంతోషం కాదు. సంతోషమని రాస్తే అబద్ధం.

మార్చి 30, ఆదివారం

పెద్దాయన వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. చాలాసేపు చెమ్మ గురించి మాట్లాడాడు. తర్వాత చెప్పాడు. కొత్త అయ్యగారు వస్తున్నారట, భార్యా పిల్లలతో. బట్టల కొట్టు మీద మేడ గది ఒకటి సంఘమే చూసింది, అన్నయ్య ఉన్నంతకాలం మీదే చెల్లమ్మా అన్నాడు. కళ్లెత్తలేదు పాపం. నేను అరుస్తాననుకున్నాడు. నేనూ అరుస్తాననే అనుకున్నాను.

ఇవాళే నా ఆఖరి పాఠం, మేఘం గురించి. దేవుడి గుడారం మీద మేఘం ఆగితే జనం ఆగాలి, లేస్తే బయలుదేరాలి. రెండు రోజులు ఆగినా అంతే, ఏడాది ఆగినా అంతే. ఎందుకు ఆగిందో ఎవరికీ చెప్పలేదు. వాళ్లు నేర్చుకోవలసింది నడవడం అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. అంతమంది పిల్లాపాపలతో, పశువులతో, వేసిన గుడారాల మధ్య ఊరికే కూర్చోవడం దానికంటే కష్టమై ఉంటుంది. అదే చెప్పాను. పిన్ని ముక్కు చీదుకుంది.

ఏప్రిల్ 5, శనివారం

మేడ మెట్లు నిటారుగా ఉన్నాయి. అన్నయ్యని కుర్చీతో సహా నలుగురు మోశారు. మోస్తున్నంతసేపూ కళ్లు మూసుకున్నాడు. మిషను రేపు తెస్తారు.

పిన్నికి మెట్లు ఎక్కడం కష్టం. మాటలమ్మాయి వారానికి రెండుసార్లే. మిగతా రోజులు ఎవరూ లేరు. గ్లాసు మీరు పెట్టొచ్చు, కానీ అడగొద్దు అమ్మా, ఆయనే మొదలుపెట్టాలి అంది. ఆయన నాతో మాట్లాడి ఎన్నాళ్లయింది. పెడతాను. అంతే పెడతాను.

ఏప్రిల్ 6, ఆదివారం

పెట్టాను. కాసేపయ్యాక ఏమీ అనకుండా ఇచ్చాను. తాగాడు.

ఏప్రిల్ 7, సోమవారం

పెట్టాను. ఇచ్చాను.

ఏప్రిల్ 8, మంగళవారం

పొద్దున్నుంచీ ఒకటే తిరుగుడు. పెట్టెలు గది నిండా. ఏది ఎందులో ఉందో తెలీదు, పళ్లెం కోసం వెతికితే సూదులు దొరుకుతున్నాయి. కింద కొట్లో ఎవరో గుడ్డ చింపుతున్న చప్పుడు ఆగకుండా వస్తోంది. భోజనం ఆయనకి ముందు పెట్టేసి, గ్లాసు దూరంగా పెట్టి, నేను నిలబడే రెండు ముద్దలు తింటూ ఒక పెట్టె ఎత్తాను.

"కూ" అన్నాడు.

నా వైపు చూస్తూ అన్నాడు. వెనక ఇంకెవరూ లేరు.

కూర బాలేదా, కూర కావాలా, ఉప్పు ఎక్కువైందా, అన్నీ నా నోటిదాకా వచ్చేశాయి. పెట్టె బరువుకి చేతులు లాగేస్తున్నాయి. దించితే చప్పుడవుతుందని దించలేదు. అన్నయ్య మెడ నరాలు బిగుసుకున్నాయి. మళ్లీ "కూ" అన్నాడు, ఆగిపోయాడు. కోపం కాదు ఆ మొహంలో. చిన్నప్పుడు పీట మీద కూర్చుని, నాకు వచ్చిన వచనం ఏదా అని వెతుక్కునేటప్పటి మొహం. నేను చెప్పనివ్వను అనుకుంటున్నాడేమో అని భయమేసి పళ్లు కరిచిపెట్టుకున్నాను. ఎంతసేపో తెలీదు. కింద గుడ్డ చింపే చప్పుడు ఆగి మళ్లీ మొదలైంది.

"కూర్చో" అన్నాడు.

పెట్టె దించి దాని మీదే కూర్చున్నాను. ఎడమ చేత్తో తన పళ్లెం నా వైపు కొంచెం జరిపాడు. ఇద్దరం తిన్నాం. నీళ్లు కావాలని అడగలేదు, నేనూ లేవలేదు.

పెట్టెలు ఇంకా విప్పలేదు.